నోటిమాట చాలునా? – పనివారికి మనము వ్రాసి ఇవ్వవలసిన కాగితము



మన కొండలలో కాఫీ పండ్లు ఎర్రబడే కాలం వచ్చిందంటే ప్రతి గ్రామంలోనూ పనే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల మధ్య అక్కచెల్లెళ్లు పొద్దుటి మంచు విడవకముందే పండ్లు ఏరడానికి వెళ్తారు. అదే నెలల్లో పట్నవాసులు బొర్రా గుహలు, అరకు లోయ చూడడానికి రైళ్లలోనూ బస్సులలోనూ వస్తారు. లాడ్జీలకు గదులు ఊడ్చేవారు కావాలి, హోటళ్లకు గిన్నెలు తోమేవారు కావాలి. క్రిస్మస్ దగ్గరపడింది గనుక మందిరానికి సున్నం వేసేవారు కూడా కావాలి.

యజమాని అంటే ఎక్కడో పట్నంలో మేడలో ఉండేవాడని మనం అనుకుంటాము. అయితే నిన్నటి వరకు కూలికి వెళ్లిన సహోదరుడు ఈ సంవత్సరం తన రెండెకరాల తోటకు నలుగురిని కూలికి పిలిచాడు. ఒక సంఘ పెద్ద రోడ్డు పక్కన టిఫిను హోటలు పెట్టి ముగ్గురు పిల్లలను పనికి కుదుర్చుకున్నాడు. ఒక విశ్వాసి జీపు కొని డ్రైవరును పెట్టుకున్నాడు. సంఘమే బడి, వసతిగృహము, ఆసుపత్రి నడుపుతున్నది. వీరందరూ యజమానులే. మరి పనిలో చేరిన రోజున ఆ పనివారికి మనం ఏమి చెప్పాము? “వచ్చి పని చెయ్యి, నీకు అన్యాయం చేస్తానా?” అన్నాము. అంతే కదా!

ఆ మాట మంచి మనసుతో అన్నదే కావచ్చును. కాని అది చాలునా? ఈ ప్రశ్న నాకు ఎలా వచ్చిందో ముందు చెబుతాను. ఇది నా తప్పిదము గనుక దాచను.

వంట ఖర్చులలో ఒక మనిషి

కొన్ని సంవత్సరాల క్రితం నేను ఒక బాలికల వసతిగృహము కమిటీలో సభ్యుడనుగా ఉన్నాను. అక్కడ వంట చేసే తల్లి కొండమీది గ్రామం నుండి వచ్చినది. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి ముట్టించి, రాత్రి పిల్లలు తిన్న తరువాత డేగిసాలు తోమి పడుకొనేది. తొమ్మిదేళ్లు అలా చేసింది. ఏటా క్రిస్మస్‌కు ఆమెకు చీర పెట్టేవారము. అది చూచి మాకు మేమే సంతోషించేవారము.

ఒక డిసెంబరులో మరుగుతున్న గంజి ఆమె కాలిమీద పడింది. ఆరు వారాలు నడవలేకపోయింది. పిల్లలకు భోజనం ఆగకూడదు గనుక కమిటీ వేరొకరిని పెట్టుకున్నది. ఈమె జీతం ఆపివేసింది. కాలు మానిన తరువాత ఆమె కర్ర ఊతంగా మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నది.

“అయ్యగారూ, నేను పని మాననేదు కదా. కాలు బాగయితే వత్తానని చెప్పినాను కదా. మరి నన్నెప్పుడు తీసేసినారు?” అని అడిగింది.

నాకు జవాబు దొరకలేదు. మినిట్సు పుస్తకం తీసి చూచాను. ఆమెను తీసివేసినట్లు ఎక్కడా లేదు. పెట్టుకున్నట్లు కూడా ఎక్కడా లేదు! జమాఖర్చుల పుస్తకం చూచాను. “వంట ఖర్చులు” అనే శీర్షిక క్రింద బియ్యము, పప్పు, నూనె, కట్టెలు, వంటమనిషి అని వరుసగా ఉన్నది. తొమ్మిదేళ్ల లెక్కలలో ఆమె పేరు ఒక్కసారి కూడా లేదు. ఆ లెక్కల క్రింద నా సంతకము ఉన్నది.

కట్టెల తరువాత వ్రాసిన ఆ మనిషి దేవుని స్వరూపమందు సృజింపబడినది అని ఆదివారము ప్రసంగించినవాడను నేనే. ఆ ఆరు వారాల జీతము తరువాత ఇచ్చాము. ఆమె లెక్క చూచుకొని తీసుకున్నది. తిరిగి పనికి మాత్రం రాలేదు. సంతలో కనబడితే ఇప్పటికీ చేతులెత్తి వందనం చెబుతుంది. ఆ వందనము నాకు బరువుగా ఉంటుంది.

లాబాను మాట, పౌలు సంతకము

నోటిమాటతో పని చేయించుకొని నష్టపరచిన యజమాని బైబిలులో మనకు బాగా తెలిసినవాడే. లాబాను యాకోబును నీ జీతమెంతో చెప్పుమని ప్రేమగానే అడిగాడు (ఆది. 29:15). బంధువే కదా అని కాగితమూ లేదు, సాక్షీ లేడు. ఇరవై ఏళ్ల తరువాత యాకోబు ఏడ్చినది దేనికి? తన జీతము పదిసార్లు మార్చబడినందుకు (ఆది. 31:41). బంధుత్వము, భక్తి ఉన్నచోట కాగితము అక్కరలేదనుకోవడం పాత పొరపాటే.

దీనికి ఎదురుగా యిర్మీయాను చూడండి. పినతండ్రి కుమారుని దగ్గర పొలము కొనునప్పుడు కూడా క్రయపత్రము వ్రాయించి, సాక్షుల చేత సంతకములు పెట్టించి, ముద్రవేసిన ప్రతిని, ముద్రలేని ప్రతిని భద్రపరచెను (యిర్మీయా 32:10–14). పౌలు ఫిలేమోనుకు వ్రాసినప్పుడు ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తానే తీర్చుదునని స్వహస్తముతో వ్రాసి ఇచ్చెను (ఫిలే. 18, 19). అపొస్తలుడైన పౌలు మాట నమ్మదగినది కాదా? నమ్మదగినదే. అయినను వ్రాసెను. వ్రాసి ఇవ్వడం అపనమ్మకానికి గుర్తు కాదు. బలహీనునికి చేత ఆధారము పెట్టడం అది.

మన కొండలు చూచిన వెట్టి

ఈ సంగతి మన మన్యానికి మరీ ముఖ్యమైనది. ఎందుకనగా ఇక్కడ కూలి చరిత్ర కన్నీటితో తడిసినది. గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా తోలి, సరియైన కూలి ఇవ్వకపోవడం 1922లో లేచిన మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణము. ఆ ఏడు ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 1924 మే 7న ఆయన కొయ్యూరు దగ్గర కాల్చి చంపబడ్డారు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన మన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఆ పేరును రోజూ వ్రాసే మనము ఆ కూలి సంగతి మరచిపోరాదు.

మరొకటి, పెద్దలు “గొత్తి” అని పిలిచిన పద్ధతి. పెండ్లికో, చావుకో, జ్వరానికో కొద్ది డబ్బు అప్పు తీసుకున్నవాడు ఆ అప్పు తీరే వరకు షావుకారు ఇంట పని చేయాలి. లెక్క షావుకారు దగ్గరే ఉంటుంది గనుక అప్పు తీరదు. తండ్రి తరువాత కొడుకు వచ్చేవాడు.

రాజ్యాంగములోని 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము అలాంటి అప్పులన్నిటినీ రద్దు చేసినది. ఆ చట్టం తాను రద్దు చేసిన పద్ధతుల పేర్లలో జీత, పాలేరు, వెట్టి అనే మన మాటలను కూడా చేర్చినది. వెట్టి చేయించిన వానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నది. గిరిజనుల చేత వెట్టి చేయించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం క్రింద కూడా నేరమే.

1982లో సుప్రీంకోర్టు ఇంకొక మాట చెప్పినది. ఢిల్లీలో ఆసియా క్రీడల కట్టడాల మీద పనిచేసిన కూలీల కేసు అది. కనీస వేతనము కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అని ఆ తీర్పు. పనివాడు తనంతట తాను వచ్చాడు కదా అంటే చెల్లదు. ఆకలి తోలుకొని వచ్చినది. ఆకలి కూడా బలవంతమే.

అందుచేత మనం అడ్వాన్సు ఇచ్చేటప్పుడు జాగ్రత్తపడాలి. అవసరంలో ఉన్న పనివానికి డబ్బు సర్దడం దయగల పనే. అయితే “ఇది తీరేదాకా ఎక్కడికీ పోరాదు” అన్నప్పుడు ఆ దయ గొత్తిగా మారిపోతుంది.

ఇప్పటి చట్టము ఏమి అడుగుతున్నది?

పాత కార్మిక చట్టాలు చాలా వాటిని కలిపి కేంద్ర ప్రభుత్వం నాలుగు కోడ్‌లుగా చేసినది. 2025 నవంబరు 21 నుండి అవి అమలులోనికి వచ్చినవి. మనవంటి చిన్న యజమానులు తెలుసుకోవలసినవి కొన్ని చెబుతాను.

మొదటిది, కూలి. ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనము కంటే తక్కువ ఇవ్వరాదు. ఒకే పనికి పురుషునికి ఒక కూలి, స్త్రీకి ఒక కూలి ఉండరాదు. మన తోటలలో ఇది ఇంకా కనబడుతున్నది గనుక నొక్కి చెబుతున్నాను. కిలో లెక్కన కూలి ఇచ్చేచోట కూడా, ఆ పనికి రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయించి ఉంటే, దినమంతా కష్టపడినవారికి అంతకంటే తగ్గరాదు. తూకము అందరి ఎదుట వేయండి. తప్పుడు త్రాసు దేవునికి హేయమని సామెతలు (11:1) చెప్పుచున్నది కదా.

రెండవది, ఎప్పుడు ఇవ్వాలి? దినకూలికి ఆ పని ముగిసేసరికి, వారపు కూలికి వారపు సెలవుకు ముందు చివరి పనిదినాన, నెల జీతగానికి వచ్చే నెల ఏడవ తేదీలోగా ఇవ్వాలి. పని మానినా, తీసివేసినా రెండు పనిదినాలలో లెక్క తేల్చి ఇవ్వాలి. అడ్వాన్సులు, ఇతర కోతలు అన్నీ కలిపి ఆ జీతంలో సగానికి మించరాదు. కూలివాని కూలి తెల్లవారేవరకు నీ దగ్గర ఉండరాదని మోషే ధర్మశాస్త్రము ఏనాడో ఆజ్ఞాపించినది (లేవీ. 19:13, ద్వితీ. 24:14, 15). ఇప్పటి చట్టం దానిని అందుకొనడానికి ఇంతకాలం పట్టినది!

మూడవది, విశ్రాంతి. రోజుకు ఎనిమిది గంటలు, వారంలో ఒక దినము సెలవు. అదనపు గంటలకు రెట్టింపు కూలి. విశ్రాంతిదిన ఆజ్ఞలో దేవుడు యజమానితోపాటు దాసుని, దాసిని కూడా పేర్కొన్నాడు (నిర్గమ. 20:10). మనం ఆరాధనకు వచ్చి కూర్చొని, మన హోటలులో పనిపిల్లను గిన్నెల దగ్గర ఉంచితే ఆ ఆజ్ఞను సగమే పాటించినట్లు.

నాలుగవది, గాయము. పనిలో దెబ్బ తగిలిన పనివానికి నష్టపరిహారము చెల్లించడం చాలా రకాల పనులలో యజమాని బాధ్యత. ఈ నియమము 1923 నుండి ఉన్నది; ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో చేరినది.

పనివారి సంఖ్య పెరిగితే బాధ్యతలు కూడా పెరుగుతాయి. పదిమంది ఉన్నచోట నియామక పత్రము, ఇ.ఎస్.ఐ., గ్రాట్యుటీ, గర్భిణికి 26 వారాల జీతంతో కూడిన సెలవు వంటివి వస్తాయి. ఇరవై మంది ఉంటే భవిష్యనిధి. ఏ సంస్థకు ఏది వర్తిస్తుంది అన్నదానిలో మెలికలు ఉన్నవి. రాష్ట్ర నియమాలు, వేతనాల పట్టికలు మారుతుంటవి. గనుక సంవత్సరానికి ఒకసారి కార్మిక శాఖ అధికారిని గాని, తెలిసిన న్యాయవాదిని గాని అడిగి సరిచూచుకోండి.

“మాది పరిచర్య, వ్యాపారము కాదు, మాకు చట్టమెందుకు?” అని కొందరు కమిటీ సభ్యులు అంటారు. నేనూ అన్నవాడనే. కొన్ని నియమాలు ధర్మసంస్థలకు వర్తించకపోవచ్చును. అయితే దేవుని పని అని పేరు పెట్టి లోకపు యజమాని కంటే తక్కువ ఇవ్వడం ఏ సువార్త? తన పొరుగువాని చేత కూలి లేకుండ పని చేయించుకొని ఇల్లు కట్టుకొనువానికి శ్రమ అని యిర్మీయా (22:13) పలికినది రాజును గూర్చి. ఆ ఇల్లు మందిరమైతే మాత్రం ఆ శ్రమ తప్పునా?

బోయజు పొలములో నియమము

స్త్రీల భద్రతను గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. రూతు పరదేశి, విధవరాలు, ఒంటరిది. పరిగె ఏరుకొనడానికి వచ్చిన ఆమెను ముట్టరాదని బోయజు తన పనివారికి ముందుగానే ఆజ్ఞాపించెను. దాహమైతే పనివారు చేదిన నీళ్లు త్రాగుమని చెప్పెను (రూతు 2:9). ఏదో జరిగిన తరువాత విచారణ పెట్టలేదు, ముందే నియమము పెట్టాడు. ఆ నియమము రూతుకు కూడా తెలియజేశాడు. మంచి యజమాని చేయవలసినది ఇదే.

మన దేశంలో ఈ నియమము రావడానికి ఒక స్త్రీ చాలా బాధపడవలసి వచ్చినది. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపడానికి పూనుకొన్న ఒక గ్రామ కార్యకర్త మీద దౌర్జన్యం జరిగినది. ఆ సంఘటన తరువాత వేసిన కేసులో 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు పనిచోట లైంగిక వేధింపులను గూర్చి మార్గదర్శకాలు ఇచ్చినది. దానిని విశాఖ తీర్పు అంటారు. మన విశాఖపట్నం కాదు, కేసు వేసిన మహిళా సంస్థ పేరు అది. 2013లో చట్టము వచ్చినది.

ఆ చట్టము ప్రకారం పదిమంది లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి స్త్రీయే అధ్యక్షురాలు. సభ్యులలో సగానికి తక్కువ కాకుండా స్త్రీలు. బయటి సంస్థ నుండి ఒకరు. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా. ట్రస్టులు, సొసైటీలు, బడులు, ఆసుపత్రులు అన్నిటికీ ఇది వర్తిస్తుంది. అనగా మన సంఘపు సంస్థలకు కూడా. పదిమంది కంటే తక్కువ ఉన్నచోట, యజమాని మీదనే ఫిర్యాదు అయినప్పుడు, ఇంటిపని చేసే స్త్రీల విషయంలో జిల్లాలోని స్థానిక కమిటీ వింటుంది. గిరిజన ప్రాంతాలలో మండల స్థాయిలో ఫిర్యాదు తీసుకొనే అధికారిని నియమించాలని కూడా చట్టంలోనే ఉన్నది. మూడు నెలలలోగా ఫిర్యాదు చేయాలి. తగిన కారణముంటే మరి మూడు నెలలు గడువు ఇస్తారు.

“సంఘము పరువు పోతుంది, సర్దుకో అమ్మా” అని ఎవ్వరూ అనకండి. పరువు పోవడం ఫిర్యాదు వలన కాదు, పాపము వలన.

పిల్లల విషయము ఒక్క మాటలో చెబుతాను. పద్నాలుగేళ్లు నిండని బిడ్డను పనికి పెట్టుకొనరాదు. పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనులకు పెట్టరాదు. “ఇంట్లో తిండిలేదు, నేను తిండి పెడుతున్నాను” అనేవారు ఆ బిడ్డను బడికి పంపి, తిండి కూడా పెట్టవచ్చును గదా.

కాగితము ఎలా ఉండాలి?

నలుగురు పనివారు ఉన్న తోటకు పెద్ద పుస్తకము అక్కరలేదు. ఒక్క పేజీ చాలును. అందులో ఇవి ఉండాలి:

1. పనివాని పూర్తి పేరు, ఊరు, పనిలో చేరిన తేదీ, చేసే పని.
2. కూలి ఎంత, ఏ రోజున ఇస్తారు, చేతికా బ్యాంకు ఖాతాకా.
3. పని గంటలు, సెలవు దినము, అదనపు గంటలకు కూలి.
4. అడ్వాన్సు ఇచ్చినట్లయితే ఎంత, నెలకు ఎంత కోత. పని మానుకొనే స్వేచ్ఛ ఉన్నదని స్పష్టంగా.
5. జబ్బు, గాయము, కాన్పు వచ్చినప్పుడు ఏమి చేస్తారు.
6. స్త్రీలను గౌరవించే నియమము. తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి.
7. తీసివేయవలసి వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, కారణము ఎలా తెలియజేస్తారు.

రెండు ప్రతులు వ్రాయండి. యిర్మీయా వలె ఒకటి భద్రపరచండి, ఒకటి పనివాని చేతికి ఇవ్వండి. చదువురానివారికి వారి భాషలో, ఆదివాసీ ఒడియాలో గాని కువిలో గాని, వారు నమ్మిన మనిషి చేత చదివించి అర్థమైనదో లేదో అడగండి. ఆ తరువాతే వేలిముద్ర. అర్థం కాని కాగితం మీద వేయించిన వేలిముద్ర వల్లనే మన తాతల భూములు పోయినవని మరువకండి.

కూలి ఇచ్చినప్పుడెల్లా ఒక నోటు పుస్తకంలో తేదీ, మొత్తము వ్రాసి సంతకము తీసుకోండి. ఇది యజమానికి కూడా కాపుదల. రేపు ఎవరైనా ఇవ్వలేదని అంటే పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

ఇప్పుడు పనివారైన నా సహోదరీ సహోదరులకు ఒక మాట. కూలి ఎగవేసినా, వెట్టిలో చిక్కినా భయపడకండి. షెడ్యూల్డు తెగలవారికి, స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచిత న్యాయసహాయము పొందే హక్కు 1987 నాటి చట్టము ఇచ్చినది. ఫోను నంబరు 15100. పిల్లల కొరకు 1098, స్త్రీల కొరకు 181.

కోత పండుగకు ఒక కానుక

ప్రియులారా, కోత పండుగకు మనం కాఫీ, మిరియాలు, రాగులు, పసుపు, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠము ముందు పెడతాము. ఈ సంవత్సరము పనివారిని పెట్టుకొన్న ప్రతి కుటుంబము మరొకటి కూడా తెండి: పనివారికి మీరు వ్రాసి ఇచ్చిన కాగితపు ప్రతి. సంఘము ముందు చదవనక్కరలేదు. మీ కానుకలో మడిచి పెట్టండి. ఇవ్వని కూలి మొరపెడుతుందని, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిలో పడుతుందని యాకోబు హెచ్చరించెను (5:4). మన పండ్ల బుట్టలలోనుండి ఆ మొర వినబడకూడదు. పనివారికి న్యాయము చేయుటకు కారణముగా, మనకు కూడ పరలోకములో యజమానుడు ఉన్నాడని పౌలు కొలొస్సయులకు (4:1) వ్రాసెను.

నేను సభ్యుడనుగా ఉన్న ఆ కమిటీ తరువాత ఒక రిజిస్టరు కొన్నది. మొదటి పేజీలో వంట చేసేవారి పేరు, చేరిన తేదీ, జీతము వ్రాసినాము. ఆ పేరు ఆ తల్లిది కాదు, ఆమె తరువాత వచ్చిన ఆమెది. మొదటి ఆమె పేరు ఏ పుస్తకంలోనూ మేము వ్రాయలేదు. జీవగ్రంథములో దేవుడు వ్రాసియుండునని నమ్ముచున్నాను. కాని నేను వ్రాయవలసిన చోట వ్రాయకపోయినందుకు ఆయన నన్ను అడుగుననియు ఎరుగుదును.

ప్రభువా, మా పొలములలోను, మా ఇండ్లలోను, నీ మందిరములోను పనిచేయు వారిని పేరుపెట్టి ఎరుగునట్టి మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.